చారల గ్రానైట్ రివ్యూ: నల్ల గీతలో ఏముందో చూశాకే బేరం

రావులపాలెం నుంచి తణుకు, తాడేపల్లిగూడెం దాకా హైవే పక్కన ఏ గ్రానైట్ యార్డులో అడుగుపెట్టినా చారల రాయి ఒకటి కంటపడుతుంది. తెల్ల పొర, బూడిదరంగు పొర, నల్ల గీత, మళ్లీ తెల్ల పొర, మధ్యమధ్యలో కందిగింజంత ఎర్ర చుక్కలు. యార్డువాళ్లు దీన్ని ‘వేవ్ డిజైన్’ అంటారు. టెక్కలి వైపు నుంచి వచ్చే నీలి ఛాయ రాయి శ్రీకాకుళం బ్లూ, వైజాగ్ బ్లూ అనే పేర్లతో అమ్ముడవుతుంది. తమిళనాడు వైపు నుంచి వచ్చే ఊదా, గులాబీ మెలికల రాయి పారడైసో. పేరేదైనా బిల్లు మీద మాత్రం గ్రానైటే.

ఈ రివ్యూ ఏ ఒక్క కొట్టు గురించీ కాదు, ఆ రాయి గురించి. మార్కులు ముందే చెప్పేస్తాం. ఇంటి లోపలి మెట్లకి 10కి 8. వంటగట్టుకి 7. వీధి అరుగుకీ బయటి మెట్లకీ 4. ఉప్పునీటి బోరున్న ఇంట్లో స్నానాలగదికి 3. ఒకే రాయికి ఇంత తేడా ఎందుకంటే, అది ఒకే రాయి కాదు కాబట్టి.

మామూలు గ్రానైటులో గింజలు పులిహోరలో పోపులా అంతటా కలిసి ఉంటాయి. చారల రాయిలో అవి వేరుపడి వరసలు కట్టాయి. భూమి లోపల బాగా లోతున వేడికీ ఒత్తిడికీ రాయిలో కొంత భాగం కరిగింది. కరిగి గడ్డకట్టింది తెల్ల పొర అయింది, కరగకుండా మిగిలిపోయింది నల్ల గీత అయింది. భూగర్భశాస్త్రంలో దీన్ని నైస్ అనో, మరీ మెలికలు తిరిగి ఉంటే మిగ్మటైట్ అనో అంటారు. తూర్పు కనుమల్లో ఈ వండటం సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. గ్రానైట్ అని అమ్మినంత మాత్రాన మోసమని అనలేం. గట్టిగా ఉండి పాలిష్ పట్టే ప్రతి రాయినీ వ్యాపారంలో గ్రానైటే అంటారు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కూడా నిజానికి గాబ్రో అనే వేరే రాయి. పేరుతో పేచీ లేదు. పేచీ అంతా నల్ల గీతతోనే.

తెల్ల పొరలో ఉండేవి పలుగు (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. పలుగు గట్టితనం 10కి లెక్కేసే మోస్ కొలతలో 7, ఫెల్డ్‌స్పార్‌ది 6 నుంచి 6.5. కూరగాయల కత్తి 5.5 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ రెండిటి మీదా గీత పడదు, కత్తే అరుగుతుంది. నల్ల గీతలో ఉండేది నల్ల అభ్రకం, అంటే బయోటైట్. దాని గట్టితనం 2.5 నుంచి 3, గుండుసూదితో గీకితే రేకులుగా లేస్తుంది. దానికి తోడు హార్న్‌బ్లెండ్, గార్నెట్, మాగ్నటైట్, ఒక్కోసారి పైరైట్ అనే ఖనిజాలు. ఇనుమంతా ఇక్కడే కాపురముంటుంది. తుప్పు మరక, పాలిష్‌లో గుంట, విరుగు, ఏదొచ్చినా ఈ గీత నుంచే వస్తుంది. కొనేవాళ్ల చూపు మాత్రం తెల్లదనం మీద ఉంటుంది.

పరీక్షకి పెద్ద సరంజామా అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న అద్దం), చిన్న నియోడిమియం అయస్కాంతం దారానికి కట్టి, ఒక గుండుసూది, ఫోను టార్చి, తెల్ల గుడ్డ, ఒక సీసాలో మంచినీళ్లు, నెయిల్ పాలిష్ రిమూవర్. రిమూవర్ అసిటోన్ ఉన్నదే కావాలి. అసిటోన్ లేదని రాసి ఉన్న రకం ఈ పనికి రాదు. లూప్‌ని చాలామంది భూతద్దంలా చెయ్యి చాచి పట్టుకుని ‘ఏం కనపడట్లేదండీ’ అంటారు. కంటికి ఆనించి పట్టుకోవాలి, తల వంచి రాయి దగ్గరికి వెళ్లాలి. పది రెట్ల లూప్‌కి రాయి అంగుళం దూరంలో ఉంటేనే బొమ్మ స్పష్టంగా కుదురుతుంది.

మెరిసే ముఖం కంటే ముందు పలక అంచు చూడండి. పాలిష్ పట్టని, రంపం కోసిన ఆ 18 మి.మీ. అంచే రాయి జాతకం. నల్ల గీత పై ముఖం నుంచి కింది ముఖానికి నిలువుగానో ఏటవాలుగానో దిగుతోందా, లేక అంచులో పలకతోపాటు పడుకుని ఉందా? పడుకుని ఉంటే ఆ పలకని పొరల వెంట కోశారన్న మాట. అలాంటి పలక పైనుంచి మబ్బుల్లా అందంగా కనిపిస్తుంది, కానీ పైపొర కింద అభ్రకం పరుపు పరిచినట్టే. నీళ్లూ ఉప్పూ చేరితే పెచ్చులుగా లేచేది ఇదే. బయట వాడకానికి ఇలాంటి పలక ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

మూల విరిగిన చోటు దొరికితే అదృష్టం. పాలిష్ ముఖం మీద పలుగూ ఫెల్డ్‌స్పారూ తేలిగ్గా విడివడవు, విరిగిన చోట ఇట్టే తెలుస్తాయి. పలుగు గాజుముక్కలా వంకరగా విరుగుతుంది, నూనె రాసినట్టు బూడిదరంగులో ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ చదునుగా విరుగుతుంది. ముక్కని వెలుతురులో మెల్లగా తిప్పుతుంటే ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతుంది. ఆ తళుకు మీద లూప్ పెట్టండి. దువ్వెన పళ్లలా సన్నటి సమాంతర గీతలుంటే అది ప్లేజియోక్లేజ్ అనే రకం. ఆ గీతలు లేకుండా గులాబీగానో పాలతెలుపుగానో ఉండి, లోపల దారాల్లాంటి చారలు కనిపిస్తే పొటాష్ ఫెల్డ్‌స్పార్. గచ్చుకి ఈ తేడాతో పెద్దగా పనిలేదు గానీ, రాయికి సరైన పేరు పెట్టాలంటే ఇది తెలియాలి. ఫెల్డ్‌స్పార్ తళుకు లేకుండా సుద్దలా పేలవంగా ఉంటే మాత్రం జాగ్రత్త. అది మట్టిగా మారడం మొదలైంది, పసుపు మరక ముందు పట్టేది అక్కడే.

ఇప్పుడు నల్ల గీత. టార్చిని పలక మీద దాదాపు పడుకోబెట్టి వెయ్యండి. వెలుతురు ఏటవాలుగా పడితే అభ్రకం ఊడిపోయిన గుంటలు నీడలుగా బయటపడతాయి. పాలిష్ పట్టే రాళ్లకి పలుగూ అభ్రకమూ ఒకటే. గట్టిది నిలుస్తుంది, మెత్తది రేగిపోతుంది. గోటితో గీత అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటుందా? తట్టుకోకపోయినా సంబరపడకండి, గుంటల్లో రెజిన్ (గట్టిపడే జిగురు) నింపి ఉండొచ్చు. పలక వెనక ఫైబర్ వల అంటించి ఉంటే లోపల పగుళ్లున్నాయన్న అనుమానంతోనే చూడాలి. వల వెయ్యడం తప్పు కాదు, దాన్ని చెప్పకపోవడం తప్పు. రెజిన్ ఎండలో పసుపెక్కుతుంది, అందుకే ఇలాంటిది లోపలికే.

బంగారు మెరుపు కనిపిస్తే అక్కడ ఆగండి. మురిగిన అభ్రకమూ బంగారంలా మెరుస్తుంది, పైరైటూ మెరుస్తుంది. సూదితో గుచ్చితే అభ్రకం రేకుగా లేస్తుంది. పైరైట్ లేవదు, సూదే జారుతుంది. పైరైట్ అని తేలితే ఆ పలక వదిలెయ్యండి. గాలీ నీరూ తగిలితే అది ఇనుప తుప్పుగా, దాంతోపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. చుట్టూ ఉన్న రాయినీ తినేస్తుంది. తర్వాత దారానికి కట్టిన అయస్కాంతాన్ని గీత దగ్గర వేలాడదియ్యండి. పక్కకి లాగితే సాధారణంగా మాగ్నటైట్. దాని వల్ల పెద్ద భయం లేదు. కానీ అయస్కాంతం లాగుతూ, రంగు కంచులా గోధుమ ఛాయలో ఉంటే అది పిరోటైట్ కావచ్చు. తుప్పు పట్టడంలో అది పైరైట్‌ని మించింది.

ఎర్ర చుక్కలు గార్నెట్. గట్టితనం 6.5 నుంచి 7.5, గుండ్రంగా, చీలిక తలాలు లేకుండా ఉంటాయి. గార్నెట్ చుట్టూ కాఫీ రంగు వలయం ఉందేమో లూప్‌తో చూడండి. వలయం ఉంటే తుప్పు క్వారీలోనే మొదలైంది. వలయం లేని గార్నెట్ ఇంటి లోపల ఏళ్ల తరబడి మాట్లాడదు.

ఈ గింజలు కళ్లకి అలవాటు కావాలంటే యార్డు దాకా కూడా వెళ్లక్కర్లేదు. డెల్టాలో అంతా ఒండ్రుమట్టి, రాయి ఇసుకగా మారాకే మనదాకా వస్తుంది. ఇంటి ముందు పోసిన గోదావరి ఇసుక ఒక గుప్పెడు స్టీలు పళ్లెంలో వేసి, నీళ్లు పోసి, బియ్యం గాలించినట్టు గాలించండి. తేలికైన పలుగు, ఫెల్డ్‌స్పార్ ముందు జారిపోతాయి, వాటి సాంద్రత 2.6 చుట్టూ ఉంటుంది. అడుగున మిగిలే నల్ల ఎర్ర చారలో మాగ్నటైట్, ఇల్మనైట్, గార్నెట్ ఉంటాయి. మాగ్నటైట్ సాంద్రత 5.2, గార్నెట్‌ది 4 దాకా. అంతర్వేది ఒడ్డున కెరటం చేసే పని కూడా ఇదే, అక్కడి నల్ల ఇసుక అలా పోగైందే. పాపికొండల మీదుగా దిగిన చారల రాళ్ల పొడి ఇందులో ఉంది. మాగ్నటైట్‌లో చాలా భాగం మాత్రం ఎగువనున్న దక్కను నల్లరాతిది.

రాయిలో ఏది ఎంత శాతమో తెలియాలంటే చుక్కల లెక్క వెయ్యాలి. జిరాక్స్ కొట్టులో పారదర్శకమైన షీటు మీద సెంటీమీటరు గళ్లు ప్రింటు తీయించండి. పలకని తడి గుడ్డతో తుడిచి షీటు పరిచి, గీతలు కలిసే ప్రతి చుక్క కిందా ఏ ఖనిజం ఉందో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. 20 గళ్లు అడ్డం, 25 గళ్లు నిలువు తీసుకుంటే 500 చుక్కలు. గంటన్నర పని. గళ్ల దూరం గింజ సైజు కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఒకే గింజని రెండుసార్లు లెక్కపెడతారు. చారల రాయికే ప్రత్యేకమైన పొరపాటు ఇంకొకటుంది. షీటుని చారలకి సమాంతరంగా పరిస్తే ఒక వరస మొత్తం నల్ల గీత మీద పడి లెక్క చెడుతుంది. షీటుని పాతిక ముప్ఫై డిగ్రీలు తిప్పి పరచండి.

లెక్క ఇలా వచ్చిందనుకోండి: పలుగు 141, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 158, ప్లేజియోక్లేజ్ 112, బయోటైట్ 52, గార్నెట్ 27, మాగ్నటైట్ లాంటి నల్ల గింజలు 10. అయిదుతో భాగిస్తే శాతాలు: 28.2, 31.6, 22.4, 10.4, 5.4, 2. మొదటి మూడింటినే 100గా తీసుకుంటే పలుగు 34, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 38, ప్లేజియోక్లేజ్ 27. రాళ్లని కూర్పుని బట్టి విడదీసే పటంలో ఇది మాంజోగ్రానైట్ గడిలో పడుతుంది, అంటే చారలున్నా గ్రానైట్ కుటుంబపు కూర్పే. 500 చుక్కల లెక్కలో 10 శాతం బయోటైట్‌కి అటూఇటూ రెండున్నర, మూడు శాతం తేడా మామూలే. రెండు పలకల మధ్య ఒక శాతం తేడాని పట్టుకుని బేరమాడకండి. పలకని ఏటవాలుగా కోస్తే చారలు వెడల్పుగా కనిపిస్తాయి. 30 డిగ్రీల కోతలో సెంటీమీటరు గీత రెండు సెంటీమీటర్లు అవుతుంది. తెల్లదీ నల్లదీ ఒకే రెట్టున సాగుతాయి కాబట్టి శాతం మారదు. పూర్తిగా పొరల వెంట కోసిన పలకలోనే లెక్క ఎందుకూ పనికిరాదు. అక్కడ మీరు లెక్కపెట్టేది ఒక్క పొరనే.

అయితే ఇంటికి కావలసింది పలక సగటు కాదు, నల్ల గీత ఒక్కదాని లెక్క. సగటున 10 శాతం అభ్రకం ఉన్న రాయిలో గీత లోపల 30, 40 శాతం ఉండొచ్చు. విరిగేది సగటు దగ్గర కాదు కదా! గీత వెడల్పు 5 మి.మీ. లోపు ఉండి, మధ్యలో పలుగు గింజలు కుట్టుల్లా అడ్డంగా కలుస్తుంటే పర్వాలేదు. వేలెడు వెడల్పున, ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా పోయే అభ్రకం గీత ఉంటే అది పలకలో ముందే గీసిన విరుగు గీత.

నీళ్ల పీల్పు పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. యార్డులో 10 సెం.మీ. చదరపు తుండు ఒకటి అడగండి, నల్ల గీత కలిసొచ్చేలా. 18 మి.మీ. మందంలో దాని బరువు 480, 490 గ్రాముల దాకా ఉంటుంది. ఓవెన్ ఉంటే 60 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టాలి, లేదా ఏప్రిల్ ఎండలో రెండు మూడు రోజులు పెట్టాలి. శ్రావణంలో ఈ పరీక్ష పెట్టుకుంటే రాయి ఆరదు, లెక్క కుదరదు. ఆరాక తూచి, 48 గంటలు నీళ్లలో ఉంచి, తడి గుడ్డతో పైన తుడిచి మళ్లీ తూచండి. కట్టడపు గ్రానైటుకి అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సి 615 పెట్టిన హద్దు 0.4 శాతం. ఈ తుండుకి అది 2 గ్రాములు కూడా కాదు. గ్రాము లెక్కన చూపే వంటింటి కాటాతో అది తేలదు. కనీసం పదో వంతు గ్రాము చూపే కాటా ఉండాలి. బంగారం కొట్టు కాటా దొరికితే భేషు, అర కిలో మోస్తుందో లేదో ముందు కనుక్కోండి.

సాంద్రతకైతే వంటింటి కాటా చాలు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. తుండుని దారానికి కట్టి, అడుగూ అంచూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి వేలాడదియ్యండి. కాటా చూపే గ్రాములే తుండు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఆరిన బరువుని దానితో భాగిస్తే సాంద్రత. 486 గ్రాముల తుండుకి కాటా 180 చూపిస్తే 2.70. తెల్ల పొర తుండు 2.62 నుంచి 2.66 మధ్య వస్తుంది. నల్ల గీత తుండు 2.85 దాటితే బయోటైట్, గార్నెట్, మాగ్నటైట్ దండిగా ఉన్నట్టు. బుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువగా వస్తుంది, ముంచాక వేలితో తుడిచెయ్యండి.

తుప్పు పరీక్ష ఇంకా తేలిక. ఇంకో తుండుని సగం మునిగేలా నీళ్లలో పెట్టి రెండు మూడు వారాలు వదిలెయ్యండి, మధ్యమధ్య ఎండబెట్టండి. నీటి మట్టం దగ్గర నల్ల గీత పక్కన పసుపు ఛాయ దిగితే ఇక మాట్లాడేదేముంది.

యార్డులో ఇంకో రెండు పనులు. పలక మీద నీళ్లు కొట్టి చూపిస్తే ఆరేదాకా ఆగండి. తడి రాయిలో సన్న పగులూ, పేలవమైన మచ్చా, గుంటా అన్నీ దాక్కుంటాయి. తర్వాత తెల్ల గుడ్డకి అసిటోన్ తడిపి నల్ల గీత మీద రుద్దండి. గుడ్డ నల్లబడితే ఆ నలుపు రాయిది కాదు, రంగుది. మచ్చలెందుకని అడిగితే ‘నేచురల్ కదండీ’ అంటారు. పగులెందుకని అడిగినా అదే మాట. మచ్చ నేచురలే. పగులు నేచురలైనా పలక మీకు పనికిరాదు. నాణెంతో పలక నిలువునా కొడుతూ పోండి, ఖంగుమనే చప్పుడు ఒక చోట డొల్లగా మారితే అక్కడ పగులుంది. బిల్లు వేసే ముందు విరిగిన మూల కొలతలో కలుస్తుందో లేదో, వరస నంబర్లున్న పలకలే పంపుతారో లేదో తేల్చుకోండి. చారల రాయిలో నంబర్ తప్పితే వంటగట్టు మీద గీత అతుకు దగ్గర తెగిపోయి, చీర అంచు తప్పుగా కుట్టినట్టు ఉంటుంది.

రాయి బాగానే ఉండి పని చెడగొట్టే చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది యాసిడ్. పరిచాక పైన మిగిలిన సిమెంటు పాలు పోవడానికి యాసిడ్ నీళ్లు కొట్టడం మన మేస్త్రీలకి అలవాటు. పలుగునీ ఫెల్డ్‌స్పార్‌నీ అది ఏమీ చెయ్యదు. అభ్రకంలోంచీ గార్నెట్‌లోంచీ మాత్రం ఇనుముని కరిగించి రంధ్రాల్లోకి దింపుతుంది. ఆ రోజు గచ్చు తళతళలాడుతుంది. కొన్ని వారాలకి నల్ల గీతల అంచున టీ ఒలికినట్టు పసుపు మరక తేలుతుంది. అది లోపలి మరక, పైన పాలిష్ పెడితే పోదు. సిమెంటు పాలు ఆ రోజే ప్లాస్టిక్ స్క్రబ్బరుతో, మంచినీళ్లతో తుడిపించెయ్యాలి. ‘యాసిడ్ వద్దండి’ అని మేస్త్రీ గారికి పని మొదలెట్టకముందే చెప్పండి, సీసా తెచ్చాక చెబితే వినరు.

రెండోది సింకు. సింకు కోసాక ముందువైపు మిగిలేది రెండు మూడు అంగుళాల పట్టీ. నల్ల గీత దానికి అడ్డంగా పడితే, బిందె కాస్త గట్టిగా ఆనించినా అక్కడే విరుగుతుంది. గీతలు గట్టు పొడుగు వెంట పోయేలా పలక తిప్పించండి. మెట్లకీ అదే సూత్రం. 18 మి.మీ. రాయి చదరపు అడుగుకి నాలుగున్నర కిలోలు, 40 చదరపు అడుగుల పలక 180 కిలోలు. పడుకోబెట్టి మోస్తే సొంత బరువుకే గీత దగ్గర విరిగిపోతుంది, నిలబెట్టే మోయించండి.

మూడోది ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లూ ఇసుకా ఉప్పగా ఉంటే, ఆ తడి రాయిలోకి ఎక్కి ఆరేటప్పుడు ఉప్పు అభ్రకం రేకుల మధ్య పలుకుకడుతుంది. పలుకు పెరిగేకొద్దీ రేకు లేస్తుంది. స్నానాలగదికి 3 మార్కులే వేసింది అందుకే. సముద్రపు గాలి ఈ జాతి రాళ్లని ఏం చేస్తుందో చూడాలంటే కోణార్క్ ఉంది. 13వ శతాబ్దపు ఆ గుడికి వాడిన ఖోండలైట్ మన చారల రాయికి తూర్పు కనుమల చుట్టమే, అక్కడి శిల్పాల ముఖాలు చాలావరకు అరిగిపోయాయి.

బయటి మెట్లకి పాలిష్ పలక వానలో జారుతుందని ‘ఫ్లేమ్’ చేయిస్తారు. మంట తగిలినప్పుడు పలుగు ఒక్కసారిగా ఉబ్బి పైపొర చిట్లుతుంది, అదే గరుకు. అభ్రకానికి ఆ గుణం లేదు. తెల్ల పొర చక్కగా గరుకెక్కుతుంది, నల్ల గీత పొడిపొడిగా రాలి కాలవలా మిగులుతుంది. ఆ కాలవలో నీళ్లూ పాచీ చేరతాయి. లెదర్ ఫినిష్‌లో కూడా బ్రష్షు నల్ల గీతని లోతు చేస్తుంది, కాకపోతే గదిలో గోడకి అది అందమే. వంటగట్టుకి లెదర్ వద్దు. ఆవకాయ కలిపిన రోజు ఆ సందుల్లో కారం ఏరుకోవాల్సి వస్తుంది.

వంటగట్టు విషయానికొస్తే నిమ్మరసం, చింతపండు పులుసు పలుగునీ ఫెల్డ్‌స్పార్‌నీ తాకలేవు. కొన్ని పలకల్లో సన్నటి కాల్సైట్ సిరలుంటాయి, దాని గట్టితనం 3 మాత్రమే. నిమ్మచుక్క వేసి లూప్‌తో చూస్తే సన్నగా బుడగలొస్తాయి. పులుపు పడ్డ చోటల్లా ఆ సిర పాలిష్ పోతుంది. వంటలో వాడే పసుపు మరకకి కంగారు అక్కర్లేదు, ఎండ తగిలితే వెలిసిపోతుంది. నూనె మరక అలా పోదు. సుద్దపొడిలో అసిటోన్ కలిపి ముద్ద చేసి, మరక మీద పట్టులా వేసి, పాలిథిన్ కప్పి ఒక రాత్రి వదలాలి. కిటికీ తీసి, పొయ్యి ఆర్పి చెయ్యండి, అసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. సీలర్ కొట్టేది పూర్తిగా ఆరిన రాయి మీదే, మిగులు డబ్బా మీద చెప్పిన టైములో తుడిచెయ్యాలి. ఆలస్యం చేస్తే జిడ్డు తెరలా మిగిలిపోతుంది.

కళాశాల విద్యార్థులకి మాత్రం ఒక మాట. పలక మీద లెక్క సరిపోదు, పలుచటి కోత కావాలి. గాజు మీద అంటించి 0.03 మి.మీ. దాకా అరగదీసేది. కోత చేసిచ్చే చోటికి తుండు పంపేటప్పుడు చారలకి అడ్డంగా కోయాలని తుండు మీదే మార్కరుతో బాణం గీసి పంపండి, చీటీ మీద రాస్తే దారిలో పోతుంది. ఒక గాజు పలక మీద రెండు మూడు సెంటీమీటర్లే పడుతుంది కాబట్టి తెల్ల పొరకొకటి, నల్ల గీతకొకటి చొప్పున కనీసం రెండు అడగండి. వచ్చాక పోలరైజింగ్ మైక్రోస్కోపులో నికోల్స్ (కాంతిని వడగట్టే రెండు ఫిల్టర్లు) ఒకదానికొకటి అడ్డం పెట్టి ముందు పలుగునే చూడండి. బూడిద, తెలుపు రంగుల్లో ఉంటే మందం సరిగ్గా ఉంది. పసుపెక్కి కనిపిస్తే కోత మందంగా ఉంది, తిప్పి పంపండి. నల్ల గీత కోతలో చిల్లులుంటే అరగదీసేటప్పుడు అభ్రకం ఊడిపోయింది. కోసే ముందే ఎపాక్సీ జిగురు పట్టించమని అడగాల్సింది. ఫెల్డ్‌స్పార్‌లకి రంగు పట్టించి వేరు చేసే పద్ధతి కూడా ఉంది, పొటాష్ ఫెల్డ్‌స్పార్ నిమ్మపండు పసుపు తేలుతుంది. దానికి ముందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలి. అది చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. ఫ్యూమ్ హుడ్డు, చేతొడుగులు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉన్న ప్రయోగశాలలో, తెలిసినవాళ్ల చేతుల మీదుగా తప్ప ఎక్కడా చెయ్యకండి.

పరీక్షించిన తుండు మీద లాట్ నంబరు రాసి ఇంట్లో ఉంచండి. లోడు దిగినప్పుడు లారీ పక్కనే నిలబడి, తుండుని పలక అంచుకి ఆనించి నల్ల గీత వెడల్పూ, గార్నెట్ సైజూ పోల్చి చూడండి. కుదరకపోతే దించకముందే చెప్పాలి. దించి గోడకి ఆనించాక ఏ యార్డూ వెనక్కి తీసుకోదు.